మహారాణి విడిచిన చర్మం

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! కారుమేఘాలు కమ్మి పట్టపగలే చీకటి పడింది. ఉరుముకి కిటికీ అద్దాలు గజగజలాడాయి. ఎక్కడో గుడ్లగూబ కూసింది.

మూడో అంతస్తులో, చనిపోయిన అమ్మాయి గదిలో, మాంత్రికుడు పుర్రె ముందు కూర్చున్నాడు. ఎదురుగా ఆ పిల్ల తల్లి. వీధిలో అందరి కొలతలూ నోటికొచ్చిన దర్జీ ఆమె. కూతురు పోయాక సూదిలో దారం ఎక్కించడానికి కూడా చేతులు రాలేదు పాపం.

ఆమెకి కావాల్సింది ఒక్కటే, కూతురి గొంతు ఇంకొక్కసారి వినాలి. వాడికి కావాల్సింది వేరు. ఆ ఆత్మని ఏదైనా కళేబరంలో బంధించి, కలకాలం ఊడిగం చేయించుకోవాలి. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు, దుర్మార్గుడు.

గాజుపెట్టెలో కళేబరం కనిపించనే కనిపించింది! కూతురు ప్రాణంగా పెంచుకున్న టరాంటులా, అరచేయంత బొచ్చుసాలీడు, వెల్లకిలా పడుంది. ఎంత సేవ చేసినా ఎవర్నీ ఖాతరు చెయ్యదని ఆ పిల్ల దానికి మహారాణి అని పేరు పెట్టింది. చాన్నాళ్లుగా తిండి ముట్టలేదని, కూతురి గుర్తుని తన చేతులారా చంపుకున్నానని తల్లి కుమిలిపోయింది. మాంత్రికుడు మాత్రం లోలోపల పొంగిపోయాడు.

భీకర మంత్రోచ్చారణ... పుర్రె కళ్లలో నీలిజ్వాలలు! తల్లి జుట్టు విరబోసుకుని ఊగిపోయింది. ఆమె నోట్లోంచి కూతురి గొంతు వచ్చింది.

"ముట్టుకోకు. అది చావలేదు, చర్మం మారుస్తోంది. అందుకే తిండి మానేసింది."

దెయ్యం నాకు పాఠాలు చెబుతోందా అని వాడు వికటాట్టహాసం చేశాడు. బంధనమంత్రం చదువుతూ మూత తీసి చెయ్యి పెట్టాడు.

సాలీడు కాలు కదిలింది!

చచ్చినదానికి వెయ్యాల్సిన బంధనం బతికున్నదానికి తగిలి వాడి మీదికే తిరగబడింది. కుట్టు విప్పినట్టు వాడి వీపు నిలువునా చిట్లింది. ఒక్క గావుకేక... పుర్రె ముందు, కూర్చున్నది కూర్చున్నట్టే, లోపల ఏమీ లేని చర్మం మిగిలింది.

పెట్టెలో మహారాణి తన పాత చర్మంలోంచి మెల్లగా బయటికొచ్చింది.

"అమ్మా, నేనూ విడిచి వెళ్లాలి. ఇంక పిలవకు," అంది కూతురి గొంతు, సన్నగా.

"కాసేపుండమ్మా," అంది తల్లి, అదే నోటితో. 

మాంత్రికుడి చర్మాన్ని ఆమె చీపురుతో ఊడ్చి పారేసింది. మహారాణి ఒళ్లు గట్టిపడేదాకా పెట్టె జోలికి పోలేదు. ఆ తర్వాత చిన్న సీసా మూతలో నీళ్లు పెట్టబోతే అది ముందుకాళ్లెత్తి బెదిరించింది. ఇది మనల్ని ప్రేమించదమ్మా, ఊరికే భరిస్తుంది అని కూతురు నవ్వుతూ చెప్పేది.

మహారాణి విడిచిన పాత చర్మం తీసి ఆమె అరచేతిలో పెట్టుకుంది. బరువే లేదు. ఏడుపు ఆగలేదు ఆ తల్లికి.

"సరేలే తల్లీ," అంది సాలీడుతో, "నీళ్లు తాగు."