పద్మజ కంటే ముందే వచ్చిన మనిషి

ఆదివారం పొద్దున్నే భర్త చలపతిరావుకి కాఫీ ఇచ్చి, పద్మజ కొంపల్లి నుంచి ఆటోలో మేడ్చల్ బయల్దేరింది. ఈసారి ఆయన పుట్టినరోజుకి పాతకాలం బేకరీలన్నీ తిరిగి మంచి ప్లమ్ కేక్ తేవాలని ముచ్చటపడింది.

మొదటి బేకరీ మెట్లెక్కగానే ముసలి యజమాని షఫీయుద్దీన్ నవ్వాడు. "మల్లొచ్చిన్రా అమ్మా? నిన్ననే గదా కేక్ పట్టుకపోయిన్రు."

"నేనా? మీ కొట్టుకి రావడం ఇదే మొదటిసారి."

"గట్లంటరేంది! జీడిపప్పు మస్తుగ ఉండాలె, మా అమూల్యకు ఇష్టం అన్నరు."

కూతురు తన మాట కాదని పరమేశ్‌ని పెళ్లాడినప్పట్నుంచీ ఆ పేరు పద్మజ నోటితో పలకనేలేదు. నిన్న మధ్యాహ్నం ఏం చేసిందో గుర్తు తెచ్చుకుంటే, నిద్రపోయినట్టే అనిపించింది.

కేక్ కొనకుండానే, ఇంకో బేకరీ చూద్దామని శామీర్‌పేట మార్కెట్టుకి వెళ్లింది. జామకాయలమ్మే జయమ్మ గంప వెనక నుంచి గొడుగు తీసిచ్చింది. "నిన్న ఈడనే మర్సిపోయినవ్ గదమ్మా."

విరిగిన పిడికి దారం చుట్టిన గొడుగు. ఇల్లంతా వెతికినా దొరకనిది.

"నిన్న వచ్చినామె అచ్చం నాలాగే ఉందా?"

జయమ్మ బిత్తరపోయింది. "నువ్వేనమ్మా! బిడ్డ కాడికి మచ్చ బొల్లారం పోవాలె, జల్దీ అని ఆటో ఎక్కినవ్."

తన ముఖంతో ఎవరో తిరుగుతున్నారు. తన కూతురింటికే వెళ్తున్నారు! పద్మజ మచ్చ బొల్లారానికి ఆటో ఎక్కింది. అక్కడ ఎన్నడూ చూడని ఓ సందులోకి రాగానే, "ఎడమకి తిప్పు, ఆ నీలం గేటు" అంది. అన్నాక తన గొంతుకి తనే ఉలిక్కిపడింది.

తలుపు తీసిన అమూల్య ఆశ్చర్యపోలేదు. లోపల బల్లమీద సగం కోసిన కేక్ ఉంది.

"నా రూపంలో ఎవర్ని రప్పించుకుంటున్నావే?" పద్మజ అరిచింది.

"నువ్వేనమ్మా." అమూల్య తల్లి చెయ్యి పట్టుకుంది. "కొన్నాళ్లుగా నువ్వే వస్తున్నావు. ఇంటికెళ్లాక అంతా మర్చిపోతున్నావని ఈమధ్యే అర్థమైంది. నాన్నకి చెబితే నిన్నిక రానివ్వరేమోనని భయపడ్డాను. తప్పు నాదే."

పద్మజ బల్లమీది కేక్ వైపు చూసింది. మెల్లగా అడిగింది. "ఆవిడ... నీతో బాగా మాట్లాడుతుందా?"

"కూర్చోబెట్టి తల దువ్వుతుందమ్మా."

పద్మజకి దుఃఖం ఆగలేదు. ఒంటి మీద తెలివుండగా తను చెయ్యలేని పని, ఆ తెలియని మనిషి చేసేసింది.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. పరమేశ్‌నీ రమ్మను. నాన్నకి నేనే చెబుతాను," అంది కళ్లు తుడుచుకుంటూ. "ముందు దువ్వెన తీసుకురా. ఇవాళ నేను దువ్వుతాను. రేపు నేను మర్చిపోతే, దువ్వానని నువ్వు చెప్పు."