నిద్రపోయే ల్యాప్‌టాప్, ఆరిపోయే రాకుమారుడు

పిల్లలూ, తుమ్మెదకోట రాజ్యానికి వచ్చిన కష్టం వింటే మీకు జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. జంబుకుడనే మాంత్రికుడు సాధువు వేషంలో సభకు వస్తే, చిన్నవాడైన రాకుమారుడు కువలయుడు అతని గడ్డం పట్టుకుని లాగాడు. గడ్డం ఊడి చేతికొచ్చింది. సభంతా గొల్లున నవ్వింది. మాంత్రికుడికి ఒళ్లు మండి, పిల్లవాణ్ణి బొటనవేలంత యూఎస్‌బీ దీపంగా మార్చేశాడు.

"ఈ దీపం పున్నమి నుంచి పున్నమి దాకా ఆరకుండా వెలిగితేనే వాడు మీకు దక్కుతాడు" అని చెప్పి మాయమయ్యాడు.

రాజ్యం మొత్తానికి ఉన్నది ఒకే ల్యాప్‌టాప్. రాజుగారి తాతకు ఒక యక్షుడు ఇచ్చింది. దానికి గుచ్చితే దీపం చక్కగా వెలిగేది. కానీ ఆ ల్యాప్‌టాప్‌కు కునుకు ఎక్కువ. అది పడుకోగానే దీపం ఆరిపోయేది. అది లేచాక కూడా వెలిగేది కాదు, ఊడబెరికి మళ్లీ గుచ్చాల్సిందే. అలా ఆరినప్పుడల్లా పున్నమి లెక్క మొదటికొచ్చేది. మంత్రిగారు వేరే కన్నంలో గుచ్చి చూశారు. ఫలితం లేదు. అసలు నిద్రే పోనివ్వనని సేనాపతి మీటలు నొక్కుతూ కూర్చుంటే, పాపం ల్యాప్‌టాప్ పెనంలా కాలిపోయింది. రాణిగారు అన్నం మానేశారు.

"నేను లోపలికి వెళ్లి చూసొస్తాను" అంది రాకుమారి చెంగల్వ. తమ్ముడంటే ఆమెకు ప్రాణం.

పక్కనే ఉన్న మౌస్ తోక ఆడించింది. "నేనూ ఈ బాధ పడుతున్నదాన్నే తల్లీ. అది పడుకుంటే నాకూ ఊపిరాడదు. ఎక్కు."

చెంగల్వ దాని వీపు మీద చెయ్యి వేయగానే వేలెడంత అయిపోయింది. ఇద్దరూ కన్నంలోంచి లోపలికి దూరారు.

లోపలంతా తీగల అడవి. దారికి అడ్డంగా ఫ్యాన్ రాక్షసుడు రెక్కలు తిప్పుతున్నాడు.

"ఎవరది? సేనాపతి మనుషులా? తిప్పించి తిప్పించి నా నడుం విరగ్గొట్టాడు" అని గర్జించాడు.

"కాదు మామా. ల్యాప్‌టాప్‌ను హాయిగా పడుకోనిచ్చే దారి వెతుకుతున్నాను" అంది చెంగల్వ.

"అయితే నీ నోట్లో చక్కెర పొయ్య" అంటూ రాక్షసుడు ఒక్క ఊదు ఊదాడు. ఇద్దరూ ఎగిరి డ్రైవర్ ముని గుహ ముందు పడ్డారు. పరికరాల భాషలన్నీ తెలిసిన మహానుభావుడాయన.

"నా చదువు పాతబడిందేమోనని కొత్త పాఠాలు కూడా చెప్పించుకున్నానమ్మా. మీ దీపం మాట నాకు బాగానే అర్థమవుతోంది. కరెంటు బయటికెళ్లే తలుపుల దగ్గర పొదుపు భూతం ఉంటుంది, దాన్ని అడుగు" అన్నాడు ముని.

పొదుపు భూతం బక్కగా, తాళాల గుత్తి పట్టుకుని కూర్చుంది.

"మా తమ్ముణ్ణి ఎందుకు ఆర్పేస్తున్నావు?" అని అడిగింది చెంగల్వ.

"ల్యాప్‌టాప్ దొర పడుకుంటే తలుపులన్నీ మూసెయ్యమన్నారు, మూస్తున్నా. కరెంటు ఊరికే వస్తుందా?"

"లేచాక తియ్యొచ్చుగా?"

"తియ్యమని ఎవరూ చెప్పలేదే."

చెంగల్వకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. రెండింటినీ దిగమింగుకుంది. "మా కోటలోనూ పొద్దుగూకితే తలుపులు మూస్తారు. కానీ పెద్ద తలుపులో ఒక చిన్న దిడ్డి తలుపుంటుంది. దానికి గడియ పెట్టరు. మంత్రసాని ఏ వేళప్పుడైనా రావాలి కదా."

భూతం తల గోక్కుంది. "అప్పుడు కోట మూసినట్టా, తీసినట్టా?"

"దొంగలకు మూసినట్టు. బిడ్డలకు తీసినట్టు."

భూతం ఆలోచనలో పడింది. "మరి ఖర్చో?"

"ఛార్జర్ తగిలించే ఉంచుతాం. నీ నిల్వలోంచి చుక్క కూడా తగ్గదు."

ఆ మాటతో భూతం మెత్తబడింది. ప్రతి తలుపు మీదా, మూసెయ్యొచ్చని తెలిపే టిక్కు గుర్తు ఉంది. దీపం తలుపు మీది గుర్తును చెంగల్వ ఓణీ చెంగుతో తుడిచేసింది. మౌస్ దగ్గితే దాని తలుపుదీ తుడిచింది. వచ్చిన దారినే బయటికొచ్చి, మౌస్ వీపు దిగగానే మళ్లీ మామూలుగా అయిపోయింది.

ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ గురక పెట్టింది. దీపం వెలుగుతూనే ఉంది. రాణిగారు మూడుసార్లు కళ్లు నులుముకుని చూసి, అన్నం పెట్టమన్నారు.

పున్నమి వెళ్లి పున్నమి వచ్చింది. చంద్రుడు కొండ మీదికి రాగానే దీపం తటాలున ఎగిరి, కువలయుడై నేల మీద నిలబడింది. భేరీలు మోగాయి. రాజుగారు కొడుకును ఎత్తుకుని, చెంగల్వను యువరాణిగా ప్రకటించారు. వంటశాలలో బూరెలు వేగుతున్నాయి.

కువలయుడు మాత్రం అక్క ఓణీ పట్టుకుని ఆవలించాడు.

"అక్కా, నిద్రొస్తోంది."

నెల పొడుగునా వెలిగినవాడు మరి. చెంగల్వ వాణ్ణి ఒళ్లో వేసుకుంది. "హాయిగా పడుకోరా. పొద్దున నేను లేపుతాగా" అంది.