పుట్టింటి వంతు

"గగన్‌పహాడ్‌లో వాన పడిందా?"

అత్తాపూర్‌లో క్యాబ్ ఎక్కి వెనక సీట్లో కూర్చుంటూనే ఆమె అడిగింది. నల్ల కళ్ళద్దాలు, మెడకు ఎర్రటి స్కార్ఫ్, ఎయిర్‌హోస్టెస్ యూనిఫాం.

"మబ్బే పట్టింది మేడమ్. గొడుగు తెచ్చుకోలేదు," అన్నాడు డ్రైవర్ రాఘవేందర్.

కోడ్ సరిపోయింది. 2012 మే నెల ఎండలో వాన గురించి అంత సీరియస్‌గా మాట్లాడుకునేవాళ్ళు గూఢచారులు కాక ఇంకెవరవుతారు? రాఘవేందర్ మీటర్ కింద స్విచ్ నొక్కాడు. జామర్ పచ్చగా వెలిగింది. ఇక కారులో మాటలు బయటికి పోవు.

ఆమె అనుపమ. విదేశీ ముఠాకు నమ్మకమైన మనిషి, మన బ్యూరోకు అంతకంటే నమ్మకమైన ఏజెంటు. ఏ నమ్మకం నిజమో ఆమెకే తెలియాలి.

"డిఫెన్స్ ల్యాబ్ నుంచి మాయమైన గైడెన్స్ చిప్ శంషాబాద్‌లోనే ఉంది. రేపు మధ్యాహ్నం దుబాయ్ ఫ్లైట్‌లో దాటిస్తారు. అందులో డ్యూటీ నాదే."

"తీసుకెళ్ళేది ఎవరు?"

"మొగుడి దగ్గరకు వెళ్తున్న పల్లెటూరి అమ్మాయి. తనకేమీ తెలియదు. వీసా ఇప్పించిన ట్రావెల్ ఏజెంట్ మల్లేశ్వర్ ముఠా మనిషి. ఒడిబియ్యంలో పెట్టే కుడుకలు, అదే ఎండుకొబ్బరి చిప్పలు, వాడే తెస్తున్నాడు. రెండు కుడుకల్లోనూ బెల్లం, ఒకదాంట్లో మాత్రం బెల్లం కింద చిప్. చీఫ్ ఆర్డర్ ఒక్కటే. ఆపొద్దు. దుబాయ్‌లో దాన్ని ముఠా నాయకుడే స్వయంగా తీసుకుంటాడు. వాడి మొహం ఇంతవరకు నేను కూడా చూడలేదు. అక్కడ పట్టుకుంటారు."

"వాడితోపాటు ఆ అమ్మాయినీ పట్టుకుంటారు కదా?"

అనుపమ కిటికీలోంచి బయటికి చూసింది. "సరుకు ఎవరి మూటలో దొరికితే వాళ్ళే దొంగలు. తెలియదంటే అక్కడ నమ్మేదెవరు? బ్యూరో నోరు విప్పదు. ఏళ్ళ తరబడి జైలే."

"పేరు?"

"సరిత. తొండుపల్లి."

క్యాబ్ ఒక్క కుదుపు కుదిపింది. రోడ్డు మీద గుంట ఏమీ లేదు.

"ఏమైంది?" అంది అనుపమ.

"ఏం లేదు. గేరు పట్టేసింది," అన్నాడు రాఘవేందర్.

రాఘవేందర్ అతని సొంత పేరు కాదు. సొంత పేరు ఏమిటో అతనికే ఒక్కోసారి ఆలోచిస్తే తప్ప గుర్తొచ్చేది కాదు. అనాథాశ్రమంలో పెరిగాడు. నా అన్నవాళ్ళు ఎవరూ లేకపోవడమే బ్యూరోలో అతని అర్హత. ఊరు మారినప్పుడల్లా పేరు మారేది. పాత పేరుతో పిలిచే మనిషి కొత్త ఊళ్ళో ఒక్కడూ ఉండేవాడు కాదు. మల్లేశ్వర్ మీద కన్నేయడానికి తొండుపల్లిలో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. ఆ ఇల్లు సరితది.

ఇంట్లో సరిత, ముసలి నాయనమ్మ దుర్గవ్వ, అంతే. అమ్మానాన్నలు పోయారు. వాళ్ళ చెల్క పొలం ఇప్పుడు ఎయిర్‌పోర్టు రన్‌వే కింద ఉంది. ఒకసారి అతను జ్వరం వచ్చి గదిలో పడుకుంటే సరిత జావ కాచి తెచ్చింది. "మందులు మింగినవా అన్నా?" అని గుమ్మంలోంచి అడిగింది. ఆ మాట తనను కాదేమోనని రాఘవేందర్ వెనక్కి తిరిగి చూశాడు. తనకోసం మరో మనిషి జావ కాయడం అతనికి అదే మొదటిసారి.

దుబాయ్‌లో ఏసీ మెకానిక్‌గా ఉన్న సరిత భర్త మధు, మల్లేశ్వర్ ద్వారా ఆమెకు వీసా ఇప్పించాడు. పుట్టింటివాళ్ళు కొంగులో ఒడిబియ్యం పొయ్యకుండా ఆడపిల్ల కదలకూడదు. పొయ్యాలంటే తోడబుట్టినవాడు కావాలి. సరిత నాలుగు రోజులు తటపటాయించి చివరికి అడిగింది. "నువ్వే పొయ్యాలె అన్నా. నాకు ఇంకెవ్వరున్నరు?"

సరేనన్నాడు. అప్పటికి కుడుకల సంగతి అతనికి తెలియదు.

మర్నాడు పొద్దున సరిత పీట మీద కూర్చుని కొంగు పట్టింది. దుర్గవ్వ పసుపు కలిపిన బియ్యం ముందు పెట్టింది. మల్లేశ్వర్ కుడుకల జత తెచ్చి రాఘవేందర్ చేతిలో పెట్టాడు.

ఎడమ చేతి వాచీ సన్నగా వణికింది. బ్యూరో ఇచ్చిన డిటెక్టర్ అది. చిప్ జానెడు దూరంలో ఉంటే చెబుతుంది. రాఘవేందర్‌కు తెలిసిన విషయాన్నే మళ్ళీ చెప్పింది, నీ చేతిలోనే ఉందని.

"పొయ్యి బిడ్డా," అంది దుర్గవ్వ.

పోశాడు. దోసిళ్ళతో బియ్యం, ఆపైన ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, కుడుకలు. సరిత కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వుకు ఎదురుగా నిలబడడం అతనివల్ల కాలేదు. దొంగ పాస్‌పోర్టులతో దేశాలు దాటినప్పుడు కూడా అతను ఎదుటివాడి కళ్ళలోకి సూటిగా చూసేవాడు. ఇప్పుడు తల దించుకుని కుడుకల మీద ఇంకో దోసెడు బియ్యం పోశాడు.

"ఇగ చాలు, నడవుండ్రి. విమానం పోతది," అని మల్లేశ్వర్ తొందరపెట్టి మూట కట్టించేశాడు.

ఎయిర్‌పోర్టు డిపార్చర్ ర్యాంప్ మీద జాతరలాగా జనం. గల్ఫ్‌కు వెళ్ళేది ఒక్కరైతే సాగనంపేది వాడకట్టంతా. సరిత మూటను పసిపిల్లలా పొదివి పట్టుకుని గేటు వైపు నడిచింది. దుర్గవ్వ, మల్లేశ్వర్ వెనకే ఉన్నారు. రాఘవేందర్ చెవిలో ఇయర్‌పీస్ గరగరలాడింది. చీఫ్ రామచంద్రయ్య గొంతు.

"స్కానర్ దగ్గర ఆపరు, చెప్పి ఉంచాం. వదిలెయ్."

"సార్, ఆ అమ్మాయి..."

"దేశం పెద్దదా, అమ్మాయి పెద్దదా?"

ఆ ప్రశ్నకు జవాబు ట్రైనింగ్‌లో నేర్పారు. రాఘవేందర్‌కు కంఠతా వచ్చు. కానీ పొద్దున ఆ అమ్మాయి ఒడిలో బియ్యం పోసింది దేశం కాదు, తను. ఇయర్‌పీస్ పీకి జేబులో వేసుకున్నాడు.

"చెల్లె! జర ఆగు!"

సరిత ఆగింది. గేటు దగ్గర జవాను టికెట్ కోసం చెయ్యి చాపి ఉన్నాడు.

"పుట్టింటి వంతు ఇయ్యకుండనే పోతున్నవా?" అన్నాడు రాఘవేందర్.

సరిత నాలుక కరుచుకుంది. పోసిన ఒడిబియ్యంలోంచి ఒక పిడికెడు బియ్యం, ఒక కుడుక పుట్టింటికి తిరిగి ఇచ్చి కదలాలి. లేకపోతే పుట్టిల్లు ఖాళీ అవుతుందంటారు. మల్లేశ్వర్ పెట్టిన తొందరలో అందరూ అది మరిచిపోయారు.

"మూట ఇప్పొద్దు!" మల్లేశ్వర్ అడ్డం వచ్చాడు. "గివన్నీ ఈడ ఏంది? టైం అయితుంది!"

దుర్గవ్వ అతని వైపు కొరకొరా చూసింది. "ఆడిబిడ్డ పుట్టింటికి ఇచ్చుకుంటుంటే నడుమ నువ్వెవనివిరా? పక్కకు జరుగు!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా మల్లేశ్వర్‌ను అదోలా చూశారు. అతను జరగక తప్పలేదు.

సరిత ముడి విప్పింది. పిడికెడు బియ్యం రాఘవేందర్ రుమాల్లో పోసి, చేతికి దొరికిన కుడుక అందులో పెట్టింది.

వాచీ కదల్లేదు.

లోపల దుబాయ్ ఫ్లైట్ చెక్-ఇన్ త్వరగా ముగించమని అనౌన్స్ చేశారు. జవాను విసుక్కున్నాడు. సరిత మూట మళ్ళీ ముడి వేస్తోంది.

"చెల్లె, గిది అంచుకు పగిలింది. పగిలింది ఇస్తరా? రెండోది ఇయ్యి," అన్నాడు.

"అయ్యో, చూడనే లేదన్నా!"

రెండో కుడుక రుమాల్లో పడింది. వాచీ తేనెటీగలా మోగింది. పగలని మొదటి కుడుక మూటలోకి తిరిగి వెళ్ళింది.

"మూడో ఏడు మళ్ల ఒడిబియ్యం పొయ్యాలె, యాదుంచుకో! వస్తవా?" అంది సరిత.

"వస్త," అన్నాడు. అన్నాక గానీ ఎంత పెద్ద మాట ఇచ్చాడో అతనికి తెలియలేదు.

ఆమె గేటు దాటింది. మల్లేశ్వర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎప్పటికీ చెయ్యకూడదని ముఠా చెప్పిన నంబరుకు ఫోన్ చేశాడు. అద్దాల అవతల, బిజినెస్ క్లాస్ చెక్-ఇన్ క్యూలో, బూడిదరంగు సూటు వేసుకున్న విదేశీయుడి జేబులో ఫోన్ మోగింది. సరుకును ఎవరికీ వదలని ముఠా నాయకుడు, అదే విమానంలో దాని వెంటే బయలుదేరాడు.

క్రూ ట్రాలీతో అటే వెళ్తున్న అనుపమ ఆగింది. ర్యాంప్ మీద మల్లేశ్వర్ పెదాలు కదిలాయి, క్యూలో సూటుమనిషి మొహం మాడింది. ఆమెకు అది చాలు. మెడలోని ఎర్ర స్కార్ఫ్ విప్పి నేల మీద పడేసింది. అది అరెస్టు సిగ్నల్. ఇన్నేళ్ళ ఆమె డబుల్ వేషానికి చివరి రోజు కూడా. సూటుమనిషి సెక్యూరిటీ గేటు వైపు పరుగెత్తి, తలుపు దగ్గర మఫ్టీ మనుషుల చేతుల్లో పడ్డాడు. ర్యాంప్ మీద రాఘవేందర్ మల్లేశ్వర్ భుజం మీద చెయ్యి వేశాడు. అన్నదమ్ములేమో అనుకున్నారు చూసినవాళ్ళు.

సరిత ఎక్కిన విమానం చెల్క మీదుగా లేచిపోయింది. ఆమెకు ఏమీ తెలియదు. తెలియకూడదు కూడా.

సాయంత్రం తొండుపల్లి గది ఖాళీ చెయ్యమని ఆర్డర్ వచ్చింది. రాఘవేందర్ ఆ పిడికెడు బియ్యం వండుకున్నాడు. ఒక్కడికి ఒక్క పూటకు సరిపోయాయి. గోడ అవతల దుర్గవ్వ దగ్గు వినిపిస్తుంటే ఆఖరి ముద్ద పళ్ళెంలోనే ఉంచేశాడు. రేపటి నుంచి ఈ పేరు ఉండదు, ఈ ఊరు ఉండదు. మూడో ఏడు ఆ అమ్మాయి పీట మీద కూర్చుని ఏ అన్న కోసం చూస్తుంది?

చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"నువ్వు ఆర్డర్ తప్పావు. కానీ పని అయింది. ఆ రెండూ ఒకే రిపోర్టులో ఎలా రాయాలో నాకు తెలియడం లేదు," అన్నాడు రామచంద్రయ్య.

"సార్, మూడో ఏడు నాకు ఒక్కరోజు లీవు కావాలి. రాఘవేందర్ అన్న పేరు కూడా."

"ఎందుకు?"

"చెల్లెలికి ఒడిబియ్యం పొయ్యాలి."

"నీకెవరూ లేరనేగా ఉద్యోగంలో పెట్టుకుంది?"

"అప్పుడు లేరు సార్."

చీఫ్ గొంతు సవరించుకున్నాడు.

"సరే, వెళ్ళు. కుడుకలు మాత్రం ఈసారి నువ్వే కొను."