లార్చ్ ఫాల్స్ హెరాల్డ్, ఐదో పేజీ

"ఇక్కడ ధృవ్ అంటే ఎవరు?"

డల్లాస్ పక్కన కాపెల్ కమ్యూనిటీ హాల్లో, తలా ఒక వంటకం తెచ్చుకున్న ఉగాది భోజనాలు సగంలో ఉన్నాయి. గుమ్మంలో నిలబడి ఆ మాట అడిగిన అమ్మాయి చేతిలో గిన్నె లేదు, ట్రే లేదు. మడత పెట్టిన న్యూస్‌పేపర్ ఒకటి ఉంది. ఉత్త చేతులతో వచ్చినవాళ్ళను మా తెలుగు సంఘం తప్పుపట్టదు అని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. పేపర్ పట్టుకొచ్చినవాళ్ళను ఏం చేయాలో మాత్రం ఎవరికీ తోచలేదు.

నలభై చేతులు ఒకేసారి ధృవ్ వైపు చూపించాయి. ఆ సంఘంలో ఏకగ్రీవంగా జరిగిన పని బహుశా అదొక్కటే.

ధృవ్ పులిహోర వడ్డిస్తున్నాడు. ముప్పై ఒక్కేళ్ళు, ఖమ్మం కుర్రాడు, పత్రికల పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం. గరిటె పైకెత్తి, "నేనేనండీ. ముందు ప్లేటు తీసుకోండి, అప్పడాలు అయిపోతున్నాయి," అన్నాడు.

"ప్లేట్ వద్దు. ఇది నువ్వు వేశావా?"

ఆ అమ్మాయి పేపర్ ఐదో పేజీ తెరిచి టేబుల్ మీద పరిచింది. కెనడాలో, ఉత్తర ఒంటారియోలో, నాలుగు వేల మంది ఉండే లార్చ్ ఫాల్స్ అనే ఊరి వారపత్రిక అది. పేజీ పైన పెద్ద అక్షరాలతో 'టౌన్ కౌన్సిల్ విశేషాలు' అని ఉంది. దాని కింద ఇంగ్లిషులో ఇలా ఉంది:

'శనివారం పదకొండు గంటలకి ఉగాది పాట్‌లక్. పులిహోర విషయం ముందే తేల్చుకోవాలి. పోయినసారి తొమ్మిది ట్రేల పులిహోర, ఒక్క కూర వచ్చాయి. ఈసారి అలా కుదరదు. వివరాలకు ధృవ్.' కింద డల్లాస్ ఫోన్ నంబర్.

ధృవ్ గరిటె పులిహోరలోనే వదిలేశాడు. "అది... టెస్ట్ డేటా అండీ."

"టెస్ట్ డేటా?"

ఇది మనవాళ్ళు మాత్రమే చేసే పొరపాటు. ఒక స్క్రీన్ సరిగ్గా పని చేస్తోందో లేదో చూడాలంటే అందులో ఏదో ఒక మ్యాటర్ నింపాలి. లోకంలో మిగతావాళ్ళు అర్థం లేని అక్షరాలు నింపుతారు. మనవాడు వాట్సాప్ తెరిచి, చేతికి అందిన మెసేజ్ కాపీ చేస్తాడు.

"మా అమ్మ ఆ ఊళ్ళో మందుల షాప్ నడుపుతుంది. ఈ పేపర్ కొరియర్‌లో పంపింది తనే," అంది ఆ అమ్మాయి. "అక్కడ తెలుగు వచ్చింది తనకొక్కదానికే. టూ డేస్‌లో పదిహేడు మంది వచ్చి అడిగారంట, 'పులిహోర అనే కొత్త కౌన్సిల్ మెంబర్ ఎవరు, బ్రిడ్జ్ మీద ఆయన స్టాండ్ ఏంటి' అని!"

వెనకాల ఎవరో ఫక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నిజంగా ఆ వీక్ కౌన్సిల్‌లో ఊరి బ్రిడ్జ్ మూసేయాలని ఓట్ చేశారు. హై స్కూల్ ఏటికి అవతల ఉంది. ఎవరికీ తెలీదు. ఎందుకంటే ఆ ప్లేస్‌లో నీ నైన్ ట్రేస్ ఉన్నాయి."

ధృవ్‌కి నవ్వాలనిపించలేదు. పేపర్ వైపు, ఆమె వైపు చూసి, "సారీ అండీ," అన్నాడు. అంతకంటే ఏం అనాలో తెలియక ఒక అప్పడం ఆమె చేతికిచ్చాడు.

ఆమె కోపంగానే తీసుకుంది. కోపంగానే విరిచింది. కానీ తింది.

ఆమె పేరు స్మృతి. లార్చ్ ఫాల్స్‌లోనే పుట్టింది, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో డేటా ఎనలిస్ట్‌గా పని చేస్తోంది. ప్రతి శనివారం కాపెల్ రైతుబజార్లో టెంట్ వేసి రెండు బోర్డులు పెడుతుంది. ఒకదాని మీద 'ప్రతి ఓటూ లెక్కలోకి రావాలి'. రెండో దాని మీద 'మన పత్రికలు మన దేశం చేతుల్లో ఉండాలి'. దేశం అంటే కెనడా. బజారేమో టెక్సస్‌ది. వచ్చినవాళ్ళలో సగం మంది అది కెనడావాళ్ళ తీపిపాకం మేపుల్ సిరప్ అమ్మే కొట్టు అనుకునేవాళ్ళు.

మరుసటి శనివారం ధృవ్ క్షమాపణ చెప్పడానికి వెళ్ళాడు. క్షమాపణ అయిపోయింది గానీ టెంట్ తాడు ఊడిపోతోందని ఉండిపోయాడు. ఆ తర్వాతి శనివారం తాడు బాగానే ఉంది. అయినా వెళ్ళాడు.

"డల్లాస్‌లో కెనడియన్స్ వేలమంది ఉన్నారు," అంది స్మృతి. "బయట ఉన్నవాళ్ళు పోస్ట్‌లో ఓట్ వేయచ్చు. వాళ్ళని పట్టుకుని రిజిస్టర్ చేయించాలి."

"ఇప్పటికి ఎంతమంది దొరికారు?"

"నలుగురు."

"ఎన్నాళ్ళలో?"

"అది నీకెందుకు? బోర్డ్ సరిగ్గా పట్టుకో."

ఆ రోజే బెండకాయల కోసం సంచీతో వచ్చారు సంఘం ప్రెసిడెంట్ కేశవరావు గారు. బోర్డు చదివి కళ్ళజోడు సర్దుకున్నారు. "అంటే ఏంటమ్మా, ఇప్పుడు ఓట్లు లెక్కపెట్టడం లేదా అక్కడ?"

"లెక్కపెడతారు అంకుల్. కానీ ముగ్గురు నిలబడితే, హండ్రెడ్‌లో థర్టీ సిక్స్ వచ్చినా ఆయనే గెలుస్తాడు. మిగతా సిక్స్‌టీ ఫోర్ మంది వద్దన్నా సరే. అది ఫెయిరా? నువ్వు చెప్పు."

పెద్దవాళ్ళనైనా 'నువ్వు' అనే పిలుస్తుంది స్మృతి. ఆయన పట్టించుకోలేదు. ఇబ్బంది వేరే చోట ఉంది. ఆరేళ్ళుగా ఆ సంఘానికి ముగ్గురు పోటీ చేస్తున్నారు, ఆరేళ్ళుగా మిగతా ఇద్దరూ ఓట్లు పంచేసుకుంటున్నారు, ఆరేళ్ళుగా కేశవరావు గారే గెలుస్తున్నారు.

"పద్ధతి బానే ఉన్నట్టుందే," అన్నారాయన.

"మొదటి ఇష్టం, రెండో ఇష్టం రాసుకోవచ్చు కదా అంకుల్, కొన్ని దేశాల్లోలాగా?" అంది స్మృతి.

"రెండో ఇష్టం అనేది మన సంస్కృతిలో లేదమ్మా."

"మరి మీ అబ్బాయికి మ్యాట్రిమోనీలో పన్నెండు మందికి ఇంటరెస్ట్ పంపారుగా అంకుల్?" అన్నాడు ధృవ్, పక్క కొట్టు బెండకాయలు ఆయన సంచిలో వేసిస్తూ.

కేశవరావు గారు బెండకాయలు తీసుకుని టమాటాల వైపు వెళ్ళిపోయారు. స్మృతి నవ్వు ఆపుకోలేక టేబుల్ కిందికి వంగి, లేని కాగితం వెతికింది. మళ్ళీ లేచేసరికి ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. ఇంతకాలం ఈ బజారుకి రాకుండా ఎలా ఉన్నానో అనుకున్నాడు ధృవ్.

ఏప్రిల్‌లో వానలు మొదలయ్యాయి. డల్లాస్ వాన నోటీసివ్వదు. ఒక శనివారం బజారంతా ఖాళీ అయిపోయి, టెంట్ కింద వాళ్ళిద్దరూ, తడవకుండా మధ్యలో పెట్టిన కాగితాల పెట్టే మిగిలారు. టెంట్ చిన్నది కాబట్టి దగ్గరగా నిలబడక తప్పలేదు. ఇద్దరూ ఆ సంగతి గమనించనట్టే ఉన్నారు.

"నువ్వు లాస్ట్ ఎప్పుడు ఓట్ వేశావు?" అడిగింది స్మృతి.

"ఒకే ఒక్కసారి. పంతొమ్మిదేళ్ళప్పుడు, ఖమ్మంలో. ఇప్పుడు వేయాలంటే విమానం ఎక్కి వెళ్ళాలి. ఇక్కడేమో నాకు ఓటే లేదు."

"పన్నెండేళ్ళా!" ఆమె ఏదో పెద్ద జబ్బు సంగతి విన్నట్టు చూసింది. తర్వాత మెల్లగా అంది. "నీ హెల్ప్ ఒకటి కావాలి. మా పార్లమెంట్ కమిటీ ఒకటి పేపర్స్ ఎవరి చేతిలో ఉండాలని పబ్లిక్‌ని అడుగుతోంది. మంత్ ఎండ్ దాకా ఎవరైనా రాసి పంపచ్చు. ఆ ఐదో పేజీ ఎలా వచ్చిందో లోపలి మనిషి చెప్తే వాళ్ళు వింటారు."

లోపలి సంగతి ఇంతే. అరవై కెనడా ఊళ్ళ పత్రికలను న్యూయార్క్‌లోని ఒక పెట్టుబడి సంస్థ కొనేసింది. ఒక్కో ఊరికి ఒక్కో ఎడిటర్ ఉండేచోట, ఇప్పుడు అరవై ఊళ్ళకూ ఒకరే. పేజీలు కట్టేది డల్లాస్‌లో ధృవ్ రాసిన సాఫ్ట్‌వేర్. బుధవారం మధ్యాహ్నానికి కౌన్సిల్ వార్త రాకపోతే అది ఒక ఫోల్డర్‌లోంచి ఏదో ఒకటి తీసి ఖాళీ నింపుతుంది. లార్చ్ ఫాల్స్ విలేఖరిని జనవరిలోనే తీసేశారు. కాబట్టి వార్త రాదు, ఎప్పటికీ రాదు. ఫోల్డర్‌లో పొరపాటున ఉండిపోయింది ఉగాది పాట్‌లక్.

"నా పేరుతో రాస్తే జాబ్ పోతుంది స్మృతీ. హెచ్‌వన్ వీసా మీద ఉన్నాను. జాబ్ పోతే అరవై రోజులు. అంతలో ఇంకోటి దొరక్కపోతే సర్దుకుని వెళ్ళిపోవడమే."

ఆమె కాగితాల పెట్టె మూత మూసింది. "అయితే వద్దు," అంది. "ఆ పేజీ కూడా పంపను. దాని మీద నీ నంబర్ ఉంది."

బతిమాలలేదు, దెప్పలేదు. ధృవ్‌కి ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడటం సరిగ్గా రెండు రోజులు నిలిచింది.

సోమవారం మేనేజర్ రాజీవ్ పిలిచాడు. "భయ్యా, ఆ హెరాల్డ్ ఇష్యూ ఫిక్స్ చేయాలి. అరవై పేపర్లలోనూ కౌన్సిల్ కాలమే తీసెయ్. రాశిఫలాలు పెట్టెయ్. ఎవరూ కంప్లయింట్ చేయట్లేదుగా."

"ఒకరు చేశారు."

"ఎవరు?"

"ఒకమ్మాయి. లార్చ్ ఫాల్స్‌లో పుట్టింది."

"చందాదారా?"

"కాదు. ఇప్పుడు ఇక్కడే ఉంటుంది."

"మరింకేం? కంప్లయింట్ టికెట్ క్లోజ్ చెయ్."

ధృవ్ తన సీటుకి వచ్చి కూర్చున్నాడు. అరవై ఊళ్ళు. మూసేసే ఏ వంతెన గురించీ ఇక ఏ ఊరికీ తెలియదు. ధనూరాశివారికి మాత్రం ప్రయాణ సూచన కనపడుతుంది.

ఆ రోజు సాయంత్రం ఇంట్లో కూర్చుని, తన పేరూ, ఉద్యోగమూ, ఐదో పేజీ కథా మొత్తం పదకొండు పేజీలు రాశాడు. కమిటీకి తనే పంపాడు. స్మృతికి చెప్పలేదు. తర్వాత నాలుగు శనివారాలు బజారుకి వెళ్ళలేదు. ఆమె మెసేజ్‌లకు 'ఆఫీస్‌లో బిజీ' అని రాశాడు. ఆ అబద్ధానికి అతనే నొచ్చుకున్నాడు.

మే చివర్లో ఒక శుక్రవారం సాయంత్రం, ఆఫీసు నుంచి వచ్చి కారు పార్క్ చేస్తుంటే ఎదురుగా స్మృతి. చినుకులు పడుతున్నాయి. ఆమె చేతిలో కాగితాల కట్ట.

"సబ్‌మిషన్ నంబర్ నూట పన్నెండు," అంది. "కమిటీ సైట్‌లో పెట్టారు. అమ్మ చూసి ఇవాళ నాకు పంపింది. కింద నీ పేరు ఉంది. ఇది బిజీయా?"

ధృవ్ కారు దిగి తలుపు వేశాడు.

"ఆఫీస్‌లో తెలిసిందా?"

"లేదు. నెల రోజులుగా రోజూ పొద్దున బ్యాడ్జ్ పెట్టి, గేటు తెరుచుకుంటుందా లేదా అని నిలబడుతున్నా. తెరుచుకుంటోంది."

"ఎందుకు తెలీలేదో చెప్పనా? కమిటీకి ఎవరేం రాశారో న్యూస్ రాయడానికి ఆ అరవై పేపర్స్‌లో రిపోర్టర్ ఒక్కడు కూడా లేడు!"

ధృవ్ ఒక్క క్షణం ఆమెని చూశాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. అతని ఉద్యోగాన్ని కాపాడుతున్నది, అతను ఏ అన్యాయం మీద రాశాడో ఆ అన్యాయమే. నవ్వి నవ్వి స్మృతి కారుకి ఆనుకుంది. వెంటనే కోపం గుర్తొచ్చింది.

"మరి నాకెందుకు చెప్పలేదు? నాలుగు వీక్స్ టెంట్ నేనొక్కదాన్నే మోశాను."

"ముందు చెప్తే ఆపేదానివి. తర్వాత చెప్తే..." అతను తడుస్తున్న బ్యాడ్జ్ జేబులో వేసుకున్నాడు. "జాబ్ పోయి, అరవై రోజుల గడువుతో, కెనడా పాస్‌పోర్ట్ ఉన్న అమ్మాయి దగ్గరికెళ్ళి 'నువ్వంటే ఇష్టం' అంటే, దాన్ని ప్రేమంటారా, ఇమిగ్రేషన్ అంటారా?"

చినుకులు కాస్త పెద్దవయ్యాయి. స్మృతి కాగితాల కట్ట చంకలో పెట్టుకుంది.

"ఇప్పుడు జాబ్ ఉందిగా?" అంది.

"ఉంది."

"అయితే అడుగు."

అడగబోయాడు. ఆమె ఫోన్ మోగింది. 'అమ్మ' అని ఉంది. స్మృతి విసుగ్గా స్పీకర్ నొక్కింది.

"పక్కన ఆ అబ్బాయి ఉన్నాడా? బాబూ ధృవ్, నేను నాగమల్లేశ్వరిని. పదకొండు పేజీలూ చదివాను. వంతెన గురించి ఎంత బాగా రాశావయ్యా! ప్రింట్ తీసి షాపులో గోడకి అతికించాను. మందులు ప్యాక్ చేసేలోపు అందరూ అదే చదువుతున్నారు. మొన్న కౌన్సిల్ మీటింగ్‌కి తొంభై మంది వెళ్ళాం, తెలుసా? వంతెన మీద మళ్ళీ ఓటు పెడుతున్నారు!"

ధృవ్ గుండె పొంగింది. ఆ వెంటనే జారింది. "ఆంటీ... దాని మీద నా పేరుంది."

"ఉండాలిగా మరి. పేరు లేని ఉత్తరం ఎవరు నమ్ముతారు? నిన్న రేడియోవాళ్ళు కూడా వచ్చి ఫొటో తీసుకెళ్ళారు. మన దేశం రేడియోనే, వేరేవాళ్ళది కాదు. సోమవారం పొద్దున చెప్తారట, దేశమంతా!"

ధృవ్ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు.

"సోమవారం," అన్నాడు ధృవ్. "అయితే జాబ్ ఇక..."

"ఇవాళ ఫ్రైడే," అంది స్మృతి. ఆమె కళ్ళలో భయమూ ఉంది, నవ్వూ ఉంది. నవ్వే పైన ఉంది. "సోమవారం దాకా నువ్వు ఉద్యోగం ఉన్నవాడివే. తొందరగా కానీ. ఇమిగ్రేషన్ అవకముందే అడుగు."

ధృవ్ అడిగాడు. ప్రాక్టీస్ చేసుకున్న మాటలేవీ గుర్తు రాలేదు. టెంట్ మోయడానికి మనిషి కావాలా అన్నాడు, జీవితాంతం అన్నాడు, కాపెల్‌లో అయినా సరే, లార్చ్ ఫాల్స్‌లో అయినా సరే అన్నాడు. ఇంకా ఏదో అనబోతుంటే స్మృతి అతని చేయి పట్టుకుంది. తడిసిన చేతులు రెండూ చల్లగా ఉన్నాయి. పట్టు మాత్రం గట్టిగా ఉంది.

స్పీకర్ ఆపడం ఇద్దరూ మర్చిపోయారు.

"అమ్మాయ్, అవునన్నావా లేదా?" అంది నాగమల్లేశ్వరి గొంతు, ఆత్రంగా. "నాకు మొదటి నుంచీ ఇష్టమే. కానీ షాపులో పదిమంది నిలబడి ఉన్నారు, కాస్త గట్టిగా చెప్పు."