మధు కబురు

పగలు పన్నెండున్నర. గగన్‌పహాడ్‌లో మూతపడ్డ కోల్డ్ స్టోరేజీ షెడ్డులో చీఫ్ అరుణ్‌కుమార్ గూఢచారి వీరేందర్‌కు రెండు నిమిషాల్లో బ్రీఫింగ్ ముగించాడు.

పొరుగు దేశపు శాంతి ప్రతినిధుల విమానం ఒకటి పదికి శంషాబాద్‌లో దిగుతుంది. సరిహద్దుకు అటూ ఇటూ అణు క్షిపణులు పది రోజులుగా సిద్ధంగా ఉన్నాయి. ఆ ప్రతినిధులు మన నేల మీద చస్తే యుద్ధాన్ని ఎవరూ ఆపలేరు. అదే కోరుకునే ఒక విదేశీ ముఠా ఎయిర్‌పోర్టులో ఎక్కడో బాంబు పెట్టించింది. విమానాన్ని వెనక్కి పంపితే చర్చలు అక్కడితో సరి. ముఠాకు అదీ లాభమే.

ట్రిగ్గర్ సునీత దగ్గరుంది. నాలుగేళ్లుగా ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకు సమాచారమిస్తున్న డబుల్ ఏజెంట్. వచ్చే నెల వీరేందర్‌కు భార్య కావలసిన మనిషి.

"వింటే తీసుకురా. వినకపోతే కాల్చు," అన్నాడు చీఫ్.

ఒకటి ఇరవైకి వీరేందర్ వీల్‌చెయిర్ తోసే ఉద్యోగి యూనిఫాంలో, విమానంలోంచి దిగే ఏరోబ్రిడ్జి దగ్గరున్నాడు. స్వాగతం పలికే వరుసలో మెరూన్ పట్టుచీరలో సునీత. దగ్గరికి వెళ్లగానే అతని జేబులో పెన్నులా కనిపించే డిటెక్టర్ వణికింది. పది అడుగుల లోపల ట్రాన్స్‌మిటర్ ఉంది. ఆమె గుప్పిట్లో లిప్‌స్టిక్.

"గా లిప్‌స్టిక్ నాకియ్యి సునీతా," అన్నాడు, చక్రం సరిచేస్తున్నట్టు వంగి.

ఆమె తల తిప్పలేదు. "ఇప్పుడే బొటనవేలు ఆనించిన. తొంభై సెకన్లల్ల వాళ్ల ఫోన్లన్ని కాపీ అయితయ్. గంతే. రేపు మధును సరిహద్దు కాడ వదులుతమన్నరు."

మధు ఆమె తమ్ముడు, జవాను. ఏడాది కింద సరిహద్దులో కనిపించకుండా పోయాడు; అవతలివాళ్లకు చిక్కాడని ఇంట్లో నమ్మకం.

"కాపీ కాదు. బాంబు."

"దేశాన్ని అమ్మిన అను, పడత. అబద్ధం చెప్పకు."

విమానం తలుపు తెరుచుకుంది. వీరేందర్ చెయ్యి పిస్టల్ దాకా వెళ్లి ఆగిపోయింది.

"మధు లేడు. ఎనిమిది నెలల కిందనే పోయిండు. ఆఫీసుకు శవం ఫొటో వచ్చింది. నువ్వు పని ఆపేస్తవని చెప్పొద్దన్నరు."

"నీకు తెల్సా?"

"తెల్సు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఎదుటివాళ్ల అబద్ధాలు పసిగట్టే ఇన్నేళ్లూ ప్రాణం కాపాడుకుంది. ఇది నిజమని ఆమెకు అర్థమైంది. భయమేస్తే మళ్లీ బొటనవేలు ఆనించు, పని ఆగిపోతుందని ముఠా చెప్పి ఉంది. ఆనించింది. లిప్‌స్టిక్ అడుగున తగ్గుతూ వస్తున్న సెకన్ల అంకె రెండు దగ్గర నిలిచిపోయింది.

ప్రతినిధులు చేతులూపుతూ పక్కనుంచే నడిచిపోయారు.

"గప్పుడే నాకు చెప్తే గిట్ల చేస్తుంటినా, వీరేందర్?"

ఏడవలేదు. బేడీల కోసం చేతులు తానే చాచింది. క్షమించమని అడిగే మొహం అతనికి లేదు. మఫ్టీ పోలీసులు ఆమెను సర్వీసు తలుపు గుండా తీసుకుపోయారు.

మధు కబురు తానే చెబుతానని చీఫ్‌ను ఒప్పించి, సాయంత్రం నాలుగింటికి వీరేందర్ తుక్కుగూడలోని సునీత ఇంటికి వెళ్లాడు. ఆమె తల్లి లింగమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది. తెర మీద రెండు దేశాల వాళ్లు చేతులు కలుపుతున్నారు. ఆమె జరిగి అతనికి చోటిచ్చింది.

"లడాయి లేనట్టేనా బిడ్డా?"

"లేదమ్మా."

"గట్లయితే ఇగ మధును ఇడుస్తరు. సునీతకు ఫోన్ చేసి చెప్పు, జర ఖుష్ అయితది."

ఆరు భాషల్లో అబద్ధమాడగల వీరేందర్‌కు, ఆ పూట సొంత భాషలో ఒక్కటి కూడా నోట రాలేదు.