కింది గుండీ

రంజాన్ పండక్కి నాలుగు రోజులుందనగా, ఖమ్రున్నీసా కొత్త చొక్కా తెచ్చి టైలరు నూర్ అహ్మద్ మిషన్ మీద పడేసింది.

"గుండీలు యాడబెట్టినావప్పా?"

జమ్మలమడుగు బజారులో అతని చేతిపనికి వంక పెట్టినవాళ్ళు లేరు. మీ అన్నకు గుండీలు రావని తెలిసే తలమీదుగా తొడుక్కునేట్టు కుట్టానని, మంచే చేశానని చెప్పాడు.

"మూడు నెల్లుగా పొద్దున్నే కూచోని నేర్పిస్తాండా. ఐదిట్లో మూడొచ్చినాయి. నువ్వు మొత్తానికే తీసేస్తివి."

ఆమె గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు. రోజా ఉపవాసంతో ఎండిన నోరు, నిద్రలేని కళ్ళు.

అన్న ఖాదర్‌కు ఇరవై నాలుగేళ్ళు. ఏ పనైనా వందసార్లు చెబితేగాని పట్టుబడదు. తండ్రి లేడు. తల్లి జానీబీ వేళ్ళు వాతంతో ముడుచుకుపోయాయి. ముఖం కడుక్కోవడం, కూడు కలుపుకోవడం, చెప్పులు కుడిఎడమలు చూసుకోవడం అన్నీ చెల్లెలే నేర్పింది. గుండీలు పెట్టుకోకుండా వీధిలోకి పోతే అరుగుల మీదివాళ్ళు నవ్వుతారు. పులివెందుల సంబంధంవాళ్ళు పిల్ల నచ్చిందన్నారు, అన్నను మాత్రం వదిలి రావాలన్నారు. ఆ మాటతో ఆమె వాళ్ళ ముందున్న టీ గ్లాసులు తీసేసింది.

ఎట్లా నేర్పుతున్నావని అడిగాడు నూర్ అహ్మద్. పై నాలుగూ తాను పెట్టి, కింది గుండీ ఒక్కటి అన్నకు వదులుతానంది. అది వచ్చాక కిందినుంచి పైకి రెండు, ఆపైన మూడు. పని ముగించేది అన్నే కావాలి, అప్పుడే మరునాడు మళ్ళీ కూచుంటాడు.

టైలరు చొక్కా తీసి పక్కన పెట్టుకున్నాడు. ఎల్లుండి అన్నను తీసుకుని రమ్మన్నాడు.

ఆ రోజు దారి తప్పివచ్చిన వాన ఒకటి ముగ్గురినీ అంగట్లోనే నిలిపేసింది. కొత్త చొక్కాకు రూపాయి బిళ్ళంత గుండీలు, వదులైన కాజాలు. కోటు గుండీలని, ప్రొద్దుటూరు నుంచి తెప్పించానని నూర్ అహ్మద్ మిషన్‌కేసి చూస్తూ చెప్పాడు.

"నాతో మాట్లాడతా మిషన్ని చూస్తావేంది?"

"అది కోపం చేసుకోదు."

ఆమెకు నవ్వొచ్చింది. ఒక్క నిమిషమని గోడకు ఆనుకుంది. అంతే, నిద్ర పట్టేసింది.

లేచేసరికి వాన వెలిసింది. ఖాదర్ నాలుగు గుండీలు పెట్టుకున్నాడు, ఒక కాజా తప్పి. కింది గుండీకి కాజా దొరక్క వెతుకుతున్నాడు. నూర్ అహ్మద్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూచున్నాడు. అట్లెందుకని అడిగింది.

"వంకర చొక్కా చూస్తే నా చేతులు ఆగవు. సరిచేస్తే పని నాదైపోతాది గదా. పైనుంచి పెట్టమని చెప్పి తప్పు చేసింది గూడా నేనే."

ఆమె చేయి చాపబోయి వెనక్కి తీసుకుంది. ఖాదర్ తనంతట తానే అన్నీ ఊడదీసి, చెల్లెలు నేర్పినట్టు కిందినుంచి మొదలుపెట్టాడు.

"మా అమ్మను మీ ఇంటికి పంపేదా? మీ ముగ్గురూ మా ఇంటికి రావాలని అడిగేకి" అన్నాడు నూర్ అహ్మద్, ఈసారి ఆమెకేసే చూస్తూ.

"శానా అలిసిపోయినా. మొగునికి గూడా నేర్పాలంటే నాతో కాదు."

"నాకు వంటొచ్చు. గుండీలొచ్చు. నువ్వు నిద్రపోతే మాట్లాడకుండా ఉండేది ఈరోజే నేర్చుకున్న్యా."

ఆమె అన్న వేళ్ళనే చూస్తోంది. రెండు, మూడు. నాలుగోది జారింది, మళ్ళీ పట్టాడు. ఐదోది మెడకింద కాజాలో దూరింది.

"అయిపాయె" అన్నాడు ఖాదర్.

"పండగైనాక మీ అమ్మను పంపించు" అంది ఖమ్రున్నీసా, మళ్ళీ గోడకు ఆనుకుంటూ.