పాత హెల్మెట్‌లో ఎవరి తల

పైగా అది పెద్ద తల. తన తలకన్నా రెండు వేళ్ళు పెద్దది. పెద్ద తల అయినంత మాత్రాన అందగత్తె కాదనుకోవడానికి వీల్లేదు. జుట్టు ఒత్తుగా ఉంటే తల అలాగే పెద్దదవుతుంది, ఉంగరాల జుట్టయితే మరీను. మూడు నెలలుగా యాదిరా ఆ కనబడని తలతో కాపురం చేస్తోంది. ఎల్కిన్ మోటారు సైకిలు వెనక ఎక్కినప్పుడల్లా అతను మోచేతికి తగిలించుకుని తెచ్చే ఎర్ర హెల్మెట్‌లోకి దూరడం, లోపలి స్పాంజి మీద వేరెవరి తలో చేసిపెట్టిన గుంటలో తన చెవులు ఎక్కడ ఆనాలో వెతుక్కోవడం, అతను ఏదో చెబుతుంటే వినకుండా ఆ గుంట చుట్టూ ఒక ఆడమనిషిని పోతపోసుకోవడం.

ఇప్పుడు నెత్తిన ఉన్నది కొత్తది, నల్లది. మోంతెరియా ఊళ్ళో నదికి రెండు వీధుల ఇవతల, నేల నుంచి కప్పు దాకా హెల్మెట్లే ఉన్న కొట్టులో, అద్దం ముందు స్టూలు మీద కూర్చుని ఉంది యాదిరా. పావుగంట దాకా తియ్యొద్దని చెప్పి వెళ్ళింది కొట్టు నడిపే సొరాయా. పెట్టుకున్న నిమిషంలో ఏ హెల్మెట్టయినా బాగానే ఉంటుందట. పావుగంట అయ్యాక నుదుటి మీద నొప్పి మొదలైనా, తీసి చూస్తే ఎర్రగా మచ్చ పడినా, అది మన తల కోసం పుట్టింది కాదట. మనుషుల సంగతి కూడా పావుగంటలో తేలిపోతే ఎంత సుఖం అనుకుంది యాదిరా.

అంతకుముందు సొరాయా టేపు తెచ్చి, కనుబొమ్మలకు వేలెడు పైనుంచి, వెనక తల ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా చుట్టి కొలిచింది. యాభై ఏడు సెంటీమీటర్లు. ఆ సైజులో మొదట తెచ్చింది నుదుటి మీద నొక్కి, చెవుల దగ్గర వదిలేసింది. నీది కోలతల, ఇది గుండ్రటి తలలకు చేసింది అని పక్కన పెట్టింది. రెండోది పట్టీ బిగించాక కూడా వెనక నుంచి పైకెత్తితే ముందుకు ఊడిపడింది. మూడోది ఇది. బుగ్గలు పైకి తన్నుకొచ్చి, అద్దంలో ఆమె నోటి నిండా అన్నం కుక్కుకున్న పిల్లలా ఉంది. సొరాయా దాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. హెల్మెట్ జారలేదు, దానితోపాటు చర్మం కదిలింది.

"బిగుతుగా ఉందని బాధపడకు. వాడగా వాడగా వదులవుతుంది. వదులుగా కొన్నది మాత్రం ఎన్నాళ్ళు వాడినా బిగుసుకోదు," అంది సొరాయా. అంటూ ఎల్కిన్ వైపు చూసి నవ్వింది.

ఎందుకు నవ్వాలి?

వాళ్ళిద్దరూ ఇప్పుడు బల్ల దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. అద్దంలో కనబడుతున్నారు కానీ మాట వినబడడం లేదు. కొత్త స్పాంజి చెవులను మూసేసింది. ఎల్కిన్ వంగి ఏదో బతిమాలుతున్నట్టున్నాడు. సొరాయా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లోపలికి రాగానే ఎవరూ పరిచయం చేయకుండానే అతణ్ణి పేరు పెట్టి పిలిచింది. పైన ముడి వేసిన ఆమె జుట్టును యాదిరా కళ్ళతోనే టేపు చుట్టి కొలిచింది. యాభై తొమ్మిది ఉండొచ్చు.

హెల్మెట్‌కు ముఖం ముందున్న అద్దపు మూత పైకెత్తితే కొంచెమైనా వినబడేది. ఆమె ఎత్తలేదు. విన్నదాన్ని నమ్మాలో వద్దో తేల్చుకోవాలి. చూసినదాన్ని మాత్రం ఎలా కావాలంటే అలా పెంచుకోవచ్చు.

అనుమానం ఆమెకు ఉద్యోగం. నోటరీ ఆఫీసులో కిటికీ వెనక కూర్చుని, కాగితం మీది సంతకాన్ని గుర్తింపు కార్డు మీది సంతకంతో పోల్చి ముద్ర వేస్తుంది. ఎల్కిన్ అలాగే తగిలాడు. మూడు నెలల కిందట ఏదో కాగితం పట్టుకొచ్చి మూడుసార్లు సంతకం చేశాడు, ఏదీ కార్డులోదానితో సరిపోలేదు. రెండోసారికే ఆమె గొంతు పెంచింది. అతను పెన్ను కింద పెట్టి, "నా సంతకం మీద నాకన్నా మీకే పట్టింపు ఎక్కువున్నట్టుందండీ," అన్నాడు. వరసలో వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. మూడోదాని మీద ఆమె విసురుగా ముద్ర కొట్టింది.

ఆ సాయంత్రం వాన. వీధులు కాలవలయ్యాయి. ఆఫీసు చూరు కింద అతను ఇంకా ఉన్నాడు, చేతికి రెండు హెల్మెట్లతో. దింపమంటారా అని అడిగాడు. ఈ ఊళ్ళో ఒంటరి మగవాడి దగ్గర రెండో హెల్మెట్ ఉందంటే రెండే అర్థాలు: బండి మీద మనుషుల్ని ఎక్కించుకుని బాడుగకు తిప్పేవాడైనా అయ్యుండాలి, లేదా వెనక కూర్చునే మనిషి ఒకతె ఉండాలి. మొదటిది యాదిరా అప్పుడే అడిగేసింది. బాడుగ బండివాడివైతే చెప్పు, నేనెక్కను, వాళ్ళను చూస్తేనే మా అమ్మ దొంగల భయంతో సంచి గుండెలకు హత్తుకుంటుంది అని. అతను ఒక క్షణం వానవైపు చూసి, కాదన్నాడు. ఆరేళ్ళుగా నీళ్ళ కంపెనీలో ఇంటింటికీ మీటర్లు చూసే పని అన్నాడు. ఒంటి మీద ఆ కంపెనీ చొక్కా ఉంది. ఆమె ఎక్కింది.

కాబట్టి మిగిలింది రెండో అర్థమే.

సాక్ష్యాలు కూడా దొరికాయి. ఎర్ర హెల్మెట్ స్పాంజి మడతలో ఇరుక్కుని ఒకరోజు పొడవాటి రాగిరంగు వెంట్రుక. ఇంకో రోజు తెల్లది. అంటే జుట్టుకు రంగు వేస్తుంది, కుదుళ్ళు నెరిశాయి, వయసులో పెద్దది. ఎండకు వేడెక్కితే కొబ్బరినూనె వాసన, వానకు తడిస్తే ఏదో ఘాటు క్రీము వాసన. నిలకడలేని మనిషి. అన్నిటికన్నా ముఖ్యం, లోపలి స్పాంజి అణిగిపోయి అట్టలా అయింది, గడ్డం కింద బిగించే పట్టీ మాత్రం కొత్తదిలా ఉంది. రోజూ పెట్టుకుంటుంది, ఎప్పుడూ బిగించదు. చావంటే లెక్కలేదన్నమాట. అలాంటి ఆడవాళ్ళను మగవాళ్ళు మరిచిపోరు. ఇంత తెలిశాక కూడా యాదిరా ఒక్కసారీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది. ఆ జవాబు తర్వాత అతని వెనక కూర్చోవడం కుదరకపోవచ్చు.

పోయిన ఆదివారం స్పీడు బ్రేకరు మీద బండి ఎగిరినప్పుడు ఎర్రది జారి ఆమె కళ్ళు కప్పేసింది. ఎల్కిన్ బండి పక్కకు ఆపి, దాన్ని ఆమె తల మీద సరిచేశాడు. తర్వాత, నీ తలకు సరిపోయేది కొందాం, దాని మీద నా నంబరు వేయిద్దాం, సరేనా అన్నాడు.

ఇక్కడ పోలీసు బండి ఆపితే ముందు హెల్మెట్ వెనకవైపు చూస్తాడు. బండి నంబరే దాని మీదా ఉండాలి. ఎర్రది అతని దగ్గరే ఉంటుంది, దాని గొడవ లేదు. ఈ నల్లది యాదిరాతో ఇంటికి వస్తుంది, తలుపు వెనక మేకుకు వేలాడుతుంది, వాళ్ళమ్మ ఆ నంబరు చదువుతుంది. పెళ్ళికాని పిల్ల ఇంట్లో మగవాడి బండి నంబరున్న హెల్మెట్ వేలాడితే ఆ వీధిలో ఎవరూ ఇంక వేరే ప్రశ్న వేయరు, ఎప్పుడు అని తప్ప. అందుకే ఆమె, "ముందు తలకు పట్టనీ," అని ఊరుకుంది. పట్టేసింది. అదే భయంగా ఉంది.

అప్పుడు కొట్టులోకి ఒక ముసలామె వచ్చింది. నడుం మీద బేసిన్, అందులో కొబ్బరుండలు, నెరిసిన జుట్టు మీద గళ్ళ రుమాలు. ఎల్కిన్‌ను చూసి బేసిన్ కింద పెట్టి, రెండు చేతులతో అతని బుగ్గలు పట్టుకుంది. ఎల్కిన్ గబుక్కున యాదిరా వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు అద్దంలో దొరికింది. తప్పు చేసి పట్టుబడ్డవాడి చూపు.

యాదిరా హెల్మెట్ అద్దపు మూత పైకెత్తింది.

"...నువ్వు మానేశాక ఇంకో కుర్రాడు తీసుకెళ్తున్నాడులే," అంటోంది ముసలామె. "వాడికి గుంత కనబడితే ప్రాణం లేచొస్తుంది. సంతకెళ్ళేసరికి నా ఉండలన్నీ పొడే. నువ్వెంత నెమ్మదిగా తోలేవాడివి నాయనా."

"ఒటీలియమ్మా, తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు ఎల్కిన్.

"తర్వాత నేనుంటానో లేదో." ఆమె స్టూలు దగ్గరికి వచ్చి యాదిరాను ఎగాదిగా చూసింది. "నీకు కొంటున్నాడా అమ్మాయ్? అదృష్టవంతురాలివి. మేమంతా ఆ ఎర్రదాంట్లోనే తలలు పెట్టాం."

యాదిరా ఆమె వైపు తిరిగింది. "మీరంతా అంటే?"

"ఊరంతా. నేనున్నాను, ఆసుపత్రి ఆయాలున్నారు, రంగు జుట్టు సెలూను పిల్ల ఉంది. నాలుగేళ్ళు తోలాడు మరి. నెత్తిన బోర్లించుకోవడమే, పట్టీ ఎవరు పెడతారు, పోలీసు కోసం గానీ." ఒక కొబ్బరుండ తీసి యాదిరా చేతిలో పెట్టింది. "ఇప్పుడు తినలేవులే, బుగ్గలు అలా ఉన్నాయి. తీశాక తిను."

ఆమె బేసిన్ ఎత్తుకుని పక్క కొట్టుకు వెళ్ళిపోయింది. సొరాయా ఉన్నట్టుండి వెనకగదిలో పని గుర్తొచ్చినదానిలా లోపలికి తప్పుకుంది.

రాగిరంగు వెంట్రుక, తెల్ల వెంట్రుక, కొబ్బరినూనె, క్రీము. మూడు నెలలు కష్టపడి పోతపోసిన ఆడమనిషి యాదిరా కళ్ళముందే ముక్కలై, ఒక్కో ముక్కా ఒక్కో సందు చివర బండి దిగి వెళ్ళిపోయింది. ఆనందం రావాలి. దానికి బదులు ఏదో పోగొట్టుకున్నట్టుంది. ఆ తర్వాత కోపం వచ్చింది. మనిషి లేదు సరే, అబద్ధం ఉంది కదా.

"ఆరేళ్ళుగా మీటర్లు," అంది. బుగ్గలు నొక్కుకుపోయి ఉండడంతో కోపం సగమే బయటికి వచ్చింది.

ఎల్కిన్ ఆమె ఎదురుగా నేలమీద గొంతుక్కూర్చున్నాడు. "ఆ రోజుకి ఉద్యోగంలో చేరి రెండు రోజులు. నేను నీ దగ్గరికి తెచ్చింది ఆ ఉద్యోగం కాగితమే. నా సంతకం మూడుసార్లు చూశావు. పైన ఒక్క ముక్క చదవలేదు."

అది నిజమే. ఆఫీసులో కాగితంలో ఏముందో చదవడం ఆమె పని కాదు. చదవకుండా ముద్ర వేయడానికే జీతం.

"నా మీద పెడతావేంటి?"

"పెట్టట్లేదు. బాడుగ బండి వాడివైతే ఎక్కనన్నావు. వాన పడుతోంది. నువ్వు ఎక్కాలి."

"తర్వాత చెప్పొచ్చుగా."

"తర్వాత ఎక్కడం మానేస్తావని."

ఆమె అద్దంలో బల్ల వైపు చూసింది. "సొరాయాని ఏం బతిమాలావు?"

"బాడుగ బండి తోలేటప్పుడు ఆ ఎర్రది ఆవిడ దగ్గరే కొన్నాను. నోరు జారొద్దన్నాను. అంతకాలం అన్నం పెట్టిన పనికి సిగ్గెందుకురా అని నవ్వింది."

యాదిరా అడగాల్సింది ఒకటే మిగిలింది. దానికి అతను చెప్పే జవాబు ముందే తెలుసు. చెప్పాలనే ఇవాళ తీసుకొచ్చాను అంటాడు. ఎవరైనా అదే అంటారు. అప్పుడు లేచి వెళ్ళిపోవచ్చు.

"ఆ ముసలామె రాకపోతే ఇవాళ చెప్పేవాడివా?"

ఎల్కిన్ తన అరచేతులు చూసుకున్నాడు. "లేదు."

"రేపు?"

"తెలీదు. చెప్పేవాణ్ణని చెప్పాలనే ఉంది. కానీ తెలీదు."

దొంగ సంతకాలను ఆమె ఎలా పట్టుకుంటుందో ఆఫీసులో చాలామందికి అర్థం కాదు. కార్డులోదానితో అచ్చుగుద్దినట్టు సరిపోయినదాన్నే ఆమె పక్కన పెడుతుంది. సొంత చేత్తో రాసేవాడు ఎప్పుడూ ఎక్కడో ఒకచోట తడబడతాడు, గీత వంకర పోతుంది. ఈ 'తెలీదు' లాంటి వంకర గీతను ఎవరూ అభ్యాసం చేసి తెచ్చుకోరు. ఆమె దాన్ని మనసులో రెండు మూడుసార్లు వెలుతురుకు పట్టి చూసింది. ఇంకా ఏదైనా దాచి ఉంటాడా? ఉండొచ్చు. అది తేలడానికి ఇంకో పావుగంటో, ఇంకో ముప్పై ఏళ్ళో పట్టొచ్చు.

"నేను కూడా ఒకటి చెప్పాలి," అంది. "ఆ హెల్మెట్‌లో ఒకావిడ ఉందనుకున్నాను. పెద్ద తలావిడ."

అతను తలెత్తాడు. "ఎవరు?"

"ఒటీలియమ్మ అని ఇవాళే తెలిసింది."

అతను నవ్వబోయి, నవ్వవచ్చో లేదో తెలియక ఆగిపోయాడు. అలా సగంలో ఆగిన ముఖాన్ని ఆమె కాసేపు అలాగే ఉండనిచ్చింది. అంతమాత్రం శిక్ష ఉండాలి.

సొరాయా వచ్చి, పావుగంట ఎప్పుడో దాటిందని హెల్మెట్ తీసి, యాదిరా నుదుటిని వెలుతురుకు తిప్పి చూసింది. మచ్చ లేదు. "తలకు పట్టింది. మిగతాది మీరూ మీరూ చూసుకోండి," అంది.

బయట నది వైపు నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. కొట్టు గుమ్మం పక్కన, గొడుగు కింద అంటించే అక్షరాలు కోసే ఆయన పీట వేసుకుని కూర్చున్నాడు, ఒళ్ళో తెల్లటి స్టిక్కర్ చుట్ట, చేతిలో బ్లేడు. హెల్మెట్ అందుకుని వెనకభాగం గుడ్డతో తుడిచాడు. వాన పడితే అంటదు, నంబరు త్వరగా చెప్పండి అన్నాడు.

ఎల్కిన్ ఆ చెప్పడం ఆమెకే వదిలేశాడు. చేతులు జేబుల్లో పెట్టుకుని వీధివైపు తిరిగి నిలబడ్డాడు. చెవి మాత్రం ఇటే ఉంది.

ఇంటికి వెళ్ళాక వాళ్ళమ్మకు నంబరు ఒక్కటే చూపిస్తే సరిపోదు, నాలుగేళ్ళ బాడుగ బండి సంగతి కూడా చెప్పాలి. అమ్మ సంచి గుండెలకు హత్తుకుంటుంది. యాదిరాకు నవ్వూ భయమూ కలిసి వచ్చాయి. మొదటి చినుకు గొడుగు మీద టప్పుమంది.

"నంబరమ్మా?" అన్నాడాయన.

యాదిరా ఆయన పీట పక్కన మోకాళ్ళు వంచి కూర్చోబోయే ముందు ఒకసారి ఎల్కిన్ మెడవైపు చూసింది. తర్వాత ఆయన చెవి మీదున్న పెన్సిలు తీసుకుని, స్టిక్కర్ కాగితం మీద ఎల్కిన్ బండి నంబరులోని మొదటి అక్షరం రాసింది.